మృగశిర నాటి కొర్రమట్ట

మొన్న రామన్నపేటలో మా ఇంటామె తరఫు చుట్టాల పెళ్లికి పోయి నల్లగొండకు తిరిగి వస్తుంటే, పానగల్ దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయింది. ముందర ఏదో లారీ అడ్డం తిరిగిందన్నారు. కిటికీలోంచి చూస్తే చెరువు కట్ట పొడవునా కార్లు నిలబెట్టి ఉన్నాయి. టోపీలూ నల్లకళ్లద్దాలూ పెట్టుకున్న పడుచువాళ్లు మడత కుర్చీలు వేసుకుని, రంగురంగుల గాలం కట్టెలను ఇనుప పుల్లలకు ఆనించి కూర్చున్నారు. ఒకడైతే ఫోను ఎత్తిపట్టి తన ముఖమూ చెరువూ రెండూ కనబడేటట్టు తిప్పుకుంటూ ఏదో చెప్పుకుపోతున్నాడు, చేప మాత్రం ఎవరి దగ్గరా కనబడలేదు. వెనక సీటులో ఎవరో అబ్బో ఎంత సామానో అని ముచ్చటపడుతుంటే నేను ముఖం ఇటు తిప్పుకున్నాను. అటువంటి కట్టె ఒకటి మా ఇంట్లోనూ ఉంది. సజ్జ మీద, పాత గంగాళం వెనకాల, దాని సంచిలో అది పడి ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లంతా బరువెక్కినట్టు ఉంటుంది.

మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, లారీలు తూచే కాటా దగ్గర నేను ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నాను. మా నాయిన ఒక ఆసామి ఇంట్లో జీతగాడు. గుంటెడు భూమి లేని కొంప మాది. నెల తిరిగేసరికి జీతం చేతికి రావడమన్నది మా ఇంట్లో నాతోనే మొదలైంది. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో నేను రిటైరయ్యాను. ఊపిరితిత్తుల్లో ఇంత దుమ్ము, చేతిలో ఇంత డబ్బు, రోజంతా ఏం చేయాలో తెలియనితనం వెంటబెట్టుకుని నల్లగొండకు వచ్చి ఇల్లు కిరాయికి తీసుకున్నాను. నల్లగొండే ఎందుకంటే పక్కనే పానగల్‌లో మా అక్క ఉంది. అమ్మ కూలికి పోతే నన్ను చంకలో వేసుకుని తిరిగినది అక్కే. తన సంకటి ముద్దలో సగం విరిచి నా నోట్లో పెట్టి, తనకు ఆకలి లేదని అమ్మతో అబద్ధం చెప్పినదీ అక్కే.

ఆ రిటైరైన కొత్తలోనే ఆ గాలం కొన్నాను. హైదరాబాద్‌లో ఏదో పని మీద తిరుగుతూ ఒక దుకాణం అద్దాల వెనక దాన్ని చూశాను. నల్లగా నిగనిగలాడుతూ, మడిస్తే మూరెడు, సాగదీస్తే రెండు నిలువులు, కింద తళతళలాడే చక్రం, దానికి కంటికి ఆనని సన్నటి దారం. పన్నెండు వేలు. చిన్నప్పుడు గుండుసూది వంచి, అక్క చీర అంచులోంచి పీకిన దారానికి కట్టి పరిగె చేపలు పట్టినవాణ్ణి, ముప్పై ఏళ్లు ఇతరుల బరువులు తూచినవాణ్ణి, నాకంటూ ఒక్క గొప్ప వస్తువు కొనుక్కుంటే తప్పేమిటనుకున్నాను. ఇంట్లో మాత్రం రెండు వేలని చెప్పాను. మా ఇంటామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పైన పటారం లోన లొటారం అని ఒక్క మాట అని వంటింట్లోకి పోయింది. అసలు ధర తెలిసి ఉంటే ఇంకేమనేదో ఆ దేవుడికే తెలియాలి.

ఇక అక్క పెనిమిటి, మా బావ సంగతి. బావ సుతారి. నల్లగొండలో ఆయన తాపీ తగలని వీధి ఉండదు. పనిలేని రోజున చెరువు గట్టు ఆయన ఇల్లు. ఆయన గాలం కట్టె ఎవరి కంచెలోంచో కోసుకొచ్చిన వెదురు; దానికి మామూలు నైలాన్ దారం, ఎండిన జొన్నదంటు లోపలి బెండు ముక్క, పాత బ్యాటరీలోంచి తీసి సుత్తితో కొట్టిన సీసం, సంతలో కొన్న గాలపు ముల్లు, అంతే. బోరింగు మోరీ పక్కన తవ్విన ఎర్రలను కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి తెచ్చుకునేవాడు. నేను తెచ్చిన సామాను కోసమైతే సైకిల్ మోటారు వెనక డబ్బా కట్టించుకోవలసి వచ్చింది. అందులో ప్లాస్టిక్ చేపలు, రబ్బరు కప్పలు, వాసన నూనెల సీసాలు. ఆ రబ్బరు కప్పను చూసి బావ నవ్విన నవ్వుకు గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"బామ్మర్దీ, నీ కట్టె ధరెంతనో చేపకు జెప్పినవా? జెప్పకుంటె దానికెట్ల ఎరుకైతది?" అనేవాడు. చెప్పినా, చెప్పకపోయినా చేపలకు నా మీద దయ రాలేదు. వారాలకు వారాలు కూర్చుంటే నాకు తుంగ గడ్డి తగిలింది, ఎవరిదో ఎడమకాలి చెప్పు తగిలింది, ఒకసారి ఎండ్రికాయ తగిలి నా వేలే కొరికింది. దారం మంచిది కాదనీ, గాలి ఎదురనీ, ఈ చెరువుకు ఈ కట్టె సరిపడదనీ ఏదో ఒకటి అంటుండేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నా పక్కనే, మూరెడు దూరంలో, బావ కట్టెకు జెల్లలూ బొచ్చెలూ వరసగా పడేవి. ఇదేమిటి బావా అంటే, గాలం మనది, నసీబు దానిది అనేవాడు. అంతకుమించి ఆయన దగ్గర శాస్త్రం లేదు.

కాదు, ఒకటి ఉంది. ఆ రోజు మొదట పడ్డ చేప చిన్నదైనా పెద్దదైనా ఆయన ఇంటికి తీసుకుపోడు. ముల్లు మెల్లగా తీసి, రెండు చేతుల్లో పట్టుకుని, గంగమ్మ తల్లీ ఇది నీది అని నీళ్లలోకి విడిచిపెడతాడు. రెండోది మొదలుకుని తనది. వాళ్ల నాయిన అట్లా చేసేవాడట, ఈయనా చేశాడు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదని అక్క చెప్పేది. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. మొదటి చేపే పడనివాడికి ఈ నియమంతో పనేముంది?

ఆ ఏడే అక్కకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్ద దవాఖానకు పోయి మిషను మీద రక్తం కడిగించుకోవాలి. నీళ్లు కూడా గ్లాసుతో కొలుచుకుని తాగాలి. నిండుగా ఉండే మనిషి, చూస్తుండగానే చీపురుపుల్ల అయింది. బావ పని మానేసి ఆమె వెంటే తిరిగాడు. చెరువు మొహం చూడక నెలలైంది.

మృగశిర కార్తె దగ్గరపడింది. మా దిక్కు మిరుగం అంటారు. ఆ నాడు చేప తింటే ఏడాది పొడుగునా రోగం దరిచేరదని మనకందరికీ ఉన్న నమ్మకమే. అయితే మా ఇంట్లో ఇంకో పట్టింపు ఉండేది. ఆ చేప గాలానికి పడ్డదే అయి ఉండాలి. మా కాలంలో వలలు చేపల సంఘం వాళ్లవి, మడుగులు ఆసాములవి. లేనివాడికి అడ్డం చెప్పకుండా వదిలిపెట్టింది గాలం ఒక్కటే. అందుకే నాయిన, వలల పడ్డది దొరికింది, గాలానికి పడ్డది మనకు రాసిపెట్టింది అని చెప్పేవాడు. పేదవాడు తనకున్నదాన్ని గొప్ప చేసుకునే మాటే అది. కానీ అక్క ఆ మాటను వేదంలాగా పట్టుకుంది.

దవాఖాన మంచం మీద పడుకుని నా చేయి పట్టుకుంది. "తమ్మీ, ఈ మిరుగానికి నాకు గాలం చేప గావాలె. మార్కెట్‌ల కొన్నది నాకొద్దు. గదొక్క ముక్క నోట్లెవడ్డదంటె మల్ల మిరుగం దాక నాకేం గాదు" అంది. అంత పెద్ద గాలం ఉత్తగనే కొన్నానా అక్కా, నేను తెస్తా చూడు అని నేను మాట ఇచ్చాను. డాక్టరు, ఒకటి రెండు ముక్కలైతే తిననివ్వండి అన్నాడు. ఆ మాట ఆయన ఏ అర్థంతో అన్నాడో నాకు తెలుసు. బావకు తెలుసో లేదో అడగలేదు.

మిరుగం నాడు పొద్దు పొడవకముందే బావా నేనూ కట్ట మీదికి చేరాము. నేను బయల్దేరుతుంటే మా ఇంటామె వాకిట్లో నిలబడి కూడా ఎక్కడికని అడగలేదు. మామూలు రోజుల్లో నన్ను ఉడికించడానికే అడిగేది, చేపలకు పోయేవాణ్ణి ఎటు అని అడిగితే పడవని. ఎండాకాలపు చెరువు గదా, నీళ్లు బాగా లోపలికి పోయి ఒడ్డంతా బురద, తుంగ. ఎప్పుడూ గాలం ముట్టనివాళ్లు కూడా ఆ రోజు కట్ట మీద ఉన్నారు. నేను చక్రం తిప్పి, ఒళ్లంతా విరిచి, గాలాన్ని ఎక్కడో నడిచెరువులోకి విసిరాను. బావ రెండు బారల దూరంలో తుంగ పక్కన తన బెండు వదిలి, "చేపలు గీడ ఒడ్డుకుంటె నువ్వు గాడ ఎవరి కోసం ఏస్తున్నవ్?" అన్నాడు. ఆ రోజు ఆ మాటలో నవ్వు లేదు.

ఎండ నెత్తి మీదికి ఎక్కుతున్న వేళ ఆయన బెండు ఒక్కసారి అదిరి, అడ్డంగా ఈడ్చుకుపోయి, మునిగింది. వెదురు వంగిపోయింది. బావ తొందరపడలేదు, దాన్ని తిప్పి తిప్పి, అలసిపోనిచ్చి, బురదలో మోకాళ్ల దాకా దిగి, రెండు చేతులతో ఎత్తాడు. కొర్రమట్ట. మోచేతి నుంచి వేళ్ల దాకా ఉంది. నేను పిచ్చివాడిలాగా ఎగిరాను, దొరికింది అక్కా దొరికింది అని అరిచాను. బావ మాత్రం దాని ముఖంలోకి చూస్తూ నిలబడిపోయాడు. అది ఆ రోజుకు మొదటి చేప అన్న సంగతి నాకు అప్పుడు తట్టింది, తట్టేసరికే ఆయన ముల్లు తీశాడు, నేను వద్దు వద్దు అంటూ బురదలో పడుతూ లేస్తూ పోయేసరికే అది ఆయన చేతుల్లోంచి జారి నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను అన్న మాటలు రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు, అయినా ఒకటి రాయాలి. "మా అక్కను నువ్వే సంపుకుంటున్నవ్ పో!" అన్నాను. కట్ట మీద అందరూ తిరిగి చూశారు. బావ బురద చేతులు బనీనుకు తుడుచుకుంటూ, నన్ను చూడకుండా, మెల్లగా జవాబిచ్చాడు. "గంగమ్మది గుంజుకపోయి మీ అక్కకు వెడితె, తాకేది దానికే బామ్మర్దీ. వేరేటోళ్ల కోసమైతె మొక్కు తప్పుదునేమో. దాని కోసం ఎట్ల తప్పుత?"

నాకు ఆ మాట ఎక్కలేదు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాము, నా గాలానికీ, ఆయన గాలానికీ మళ్లీ ఒక్క పరిగె కూడా తగల్లేదు. నేను అలుగు దిక్కు పోతున్నానని చెప్పి, కట్టె మడిచి, బండి తిప్పి నేరుగా నల్లగొండ చేపల మార్కెట్‌కు పోయాను. మిరుగం నాటి మార్కెట్ సంగతి మీకు తెలుసు, కాలు పెట్టే జాగా ఉండదు. తొట్టిలోంచి ఒక కొర్రమట్టను చూపిస్తే, చేపలు అమ్మే ఆమె పట్టి నెత్తి మీద ఒక్కటి కొట్టి సంచిలో వేసింది. సగం దారి వచ్చాక, మూతికి ముల్లు గాటు లేకపోతే అక్క పట్టేస్తుందని గుర్తొచ్చింది. మూసి ఉన్న ఒక దుకాణం నీడలో బండి ఆపి, పన్నెండు వేల గాలం ముల్లును ఆ చచ్చిన చేప పెదవికి నేనే గుచ్చాను. ఆ గాలానికి పడ్డ మొదటి చేపా చివరి చేపా అదే. నా బతుకులో అంతకంటే నీచమైన పని చేసిన గుర్తు లేదు, అయినా ఆ క్షణాన అక్క నోట్లో ముక్క పడితే చాలనే అనుకున్నాను.

చేపను చూసి అక్కవాళ్ల ఇల్లంతా సంబరపడింది. కోడలు వద్దన్నా వినకుండా అక్క పీట వేయించుకుని కూర్చుని, బూడిద పట్టించి, బండ మీద దాన్ని తానే రుద్దింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె బొటనవేలు దాని మూతి దగ్గరికి పోయింది, ఆ గాటు మీద ఆగింది. తల ఎత్తి ఒక్కసారి నావైపు చూసింది. ఆ తర్వాత గొంతు పెంచి, "సూడుండ్రే, మా తమ్ముని గాలానికి ఎంతది వడ్డదో!" అని అందరికీ వినబడేటట్టు అంది.

బావ ఖాళీ సంచితో వచ్చాడు. కూర ఉడుకుతోంది. నేను అలుగు దగ్గర పట్టానని ఎవరో చెప్పారు. ఆయన గడపలోనే నిలబడిపోయి, చెరువు దిక్కు తిరిగి రెండు చేతులూ జోడించాడు, వచ్చి నా చేయి పట్టుకున్నాడు. ఆ ముఖంలో వెలుగును నేను అంతకు ముందు చూడలేదు. "సూసినవా బామ్మర్దీ! నేనిచ్చింది ఉత్తగ పోలే. నా చేతులకెల్లి తీసుకున్నది, నీ చేతుల పెట్టింది" అన్నాడు. పొద్దున నేనన్న మాట ఆయనకు అసలు గుర్తే లేనట్టుంది. భూమి చీలితే బాగుండనిపించింది.

అక్క రెండు ముక్కలు తిన్నది. బావ ముళ్లు తీసి పెడుతుంటే, కళ్లు మూసుకుని, రుచి చూసుకుంటూ తిన్నది. సాయంత్రం అందరూ అటు తిరిగాక నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "సచ్చినంక గుచ్చినవ్ గదా తమ్మీ. నెత్తురే లేదు" అంది. తిట్టలేదు. "మీ బావకు జెప్పకు. ఆయన ఇడిసినందుకే గంగమ్మ ఇచ్చిందనుకుంటుండు. గది గూడ లేకుంటె రేపు ఆయనకేం మిగుల్తది?" అంది. మళ్లీ తానే, "ముక్క మంచిగనే ఉన్నది తియ్" అని నన్నే ఓదార్చింది.

తనకు రాసిపెట్టిన చేప అది కాదని తెలిసే తిన్నది. మళ్లీ మిరుగం దాకా ఉంటానన్న ధైర్యాన్ని ఆమె ఆ అన్నంలోనే కలుపుకుని మింగింది, మొగుడి కోసం, నా ముఖం కోసం. ఆ చలికాలం దాటలేదు అక్క.

అప్పటినుంచి నేను గాలం ముట్టలేదు. ఇప్పుడు చెరువులో నీళ్లకు కొదవ లేదు, చేపలకూ కొదవ లేదు. చేపపిల్లల్ని లారీల్లో తెచ్చి వదులుతున్నారు, ఆదివారం ఆదివారం బతికిన చేపను బండి మీద గడప ముందుకు తెచ్చి కోసి ఇస్తున్నారు. మిరుగం కోసం ఎదురుచూసే పని ఎవరికీ లేదు. చేప మూతిని తడిమి చూసే ఆడమనిషి నాకు ఏ ఇంట్లోనూ కనబడటం లేదు. మంచిదే కావచ్చు, కడుపులు నిండుతున్నాయి. నాకే ఏదీ రుచించడం లేదు.

బావ కళ్లకు పొర వచ్చింది, చెరువుకు పోవడం మానేశాడు. ప్రతి మిరుగానికీ మా ఇంటికి అన్నానికి వస్తాడు. తిని చేయి కడుక్కున్నాక ఆ అలుగు దగ్గరి ముచ్చట చెప్పమంటాడు. ఎంతసేపు గుంజింది, ఎటు తిరిగింది, కట్టె ఎంత వంగింది, అన్నీ అడుగుతాడు. గంగమ్మ ఇచ్చిన ఆ చేపే మీ అక్కను ఆరు నెలలు ఆపింది అంటాడు. నేను చెప్తాను. ఏడాదికేడాది ఆ చేప కొంచెం పెద్దదవుతూ వస్తోంది, నేను కొంచెం కుంగిపోతూ వస్తున్నాను. ఈ మిరుగానికి, ఇక చాలు, నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే చెవి ఇటు పెట్టి, పళ్లు లేని నోటితో నవ్వుతూ కూర్చున్నాడు. బాగా గుంజింది బావా, చేతులు కోసుకుపోయాయి అన్నాను.

ఇది చదివేవాళ్లలో నా ఈడు వాళ్లు మీరంతా, మీ గుండెల్లోనూ ఇటువంటివి ఒకటో రెండో ఉండే ఉంటాయి, అందుకే మీతో చెప్పుకున్నాను. బావకు అక్షరం రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను. ఇంట్లో ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని భయం లేకపోలేదు. వినిపిస్తే వినిపించనీ. మోసి మోసి అలసిపోయాను.